ఎన్నికల వేళ తప్పు ఫొటో పెట్టాను: తీసేయాలా, ఉంచి దిద్దాలా?

పేటపోరడు
2024 మే 7, రాత్రి 11:40

నాకు 29 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర ఒక ఊరు, నల్గొండ పార్లమెంటు సీటు కిందికి వస్తుంది. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పోయిన అసెంబ్లీ ఎలక్షన్ల నుంచి ఫేస్‌బుక్‌లో ఒక పార్టీ వైపు రాస్తున్నాను. ఏ పార్టీయో చెప్పను. చెప్పానంటే మీలో సగం మంది మెచ్చుకుంటారు, సగం మంది తిడతారు, జవాబు మాత్రం ఎవరూ ఇవ్వరు.

నాకు పార్టీ సభ్యత్వం లేదు. ఎవరూ పైసా ఇవ్వలేదు. రాత్రి తిన్నాక పదిన్నర నుంచి పన్నెండు దాకా రాస్తాను. మొదట్లో నలభై మంది చదివేవాళ్లు, అందులో ముప్పై మంది చుట్టాలే. మార్చి 16న పార్లమెంటు ఎన్నికల షెడ్యూల్ వచ్చాక జనం పెరిగారు. ఇప్పుడు ఆరు వేల పైచిలుకు.

సంగతేంటంటే, ఈ యాసంగిలో మా వైపు వరి ఎండింది. అది అబద్ధం కాదు. మా బాపు ఎకరంన్నర మీద ఆశ వదులుకుని గొర్లకు విడిచిపెట్టాడు. దాని మీద రాద్దామని కూర్చున్నాను, కానీ మా పొలం ఫొటో నా దగ్గర లేదు. అదే టైముకు వాట్సాప్‌లో ఒకటి వచ్చింది. పగుళ్లు పడ్డ మడి, మధ్యలో గొర్లు, తలకు తువ్వాల చుట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన. అచ్చం బాపులాగే ఉన్నాడు. "మన మండలంలోనే, నిన్న పొద్దున" అని రాసి, అవతలి పార్టీ అభ్యర్థిని నాలుగు మాటలని పెట్టేశాను. తెల్లారి లేచేసరికి 900 షేర్లు. సాయంత్రానికి 1,400. మండలం గ్రూపుల్లో అయితే నా పేరు కూడా తీసేసి తిప్పారు.

మూడో రోజు మా మేనమామ ఫ్యామిలీ గ్రూపులో ఒక్క లైన్ పెట్టాడు: "ఈ కొబ్బరిచెట్లు ఎవరి గెట్టు మీద ఉన్నయ్‌రా అల్లుడా?"

అప్పుడు చూశాను. పెద్దాయన వెనకాల గట్టు మీద వరసగా కొబ్బరిచెట్లు. మా దగ్గర గట్ల మీద తాడిచెట్లుంటాయి, తుమ్మలుంటాయి. కొబ్బరిచెట్టు ఉంటే ఎవరింటి పెరట్లోనో ఒకటి. వెతికితే ఆ ఫొటో 2017 నుంచి నెట్‌లో తిరుగుతోంది. ఒకచోట తమిళనాడు అని ఉంది.

మామ అవతలి పార్టీ మనిషి. ఇరవై ఏళ్లుగా మా ఊరి బూత్‌లో వాళ్ల ఏజెంటుగా కూర్చుంటాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని పెద్దగట్టు జాతరకు తీసుకుపోయింది ఆయనే. ఆ లైన్ పెట్టినప్పటి నుంచి మాట్లాడటం లేదు. ఫోన్ చేస్తే అత్త ఎత్తి "మీ మామ పొలం కాడ ఉన్నడు" అంటోంది. రాత్రి తొమ్మిదింటికి కూడా పొలం కాడే!

మా పార్టీ సోషల్ మీడియా చూసే అన్నను అడిగాను. "పదమూడున పోలింగ్ అయ్యేదాకా ఊకో తమ్మీ. పంట ఎండింది నిజమే గదా, ఫొటో ఎక్కడిదైతే ఏంది?" అన్నాడు. ఆయన మాటలో కొంత న్యాయం ఉన్నట్టే అనిపించింది. అలా అనిపించిందనే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంకో ముచ్చట. అదే అన్న నిన్న ఒక బేరం పెట్టాడు. రోజుకు రెండు పోస్టులు, ఒక్కోదానికి 500. "పాయింట్లు మేం పంపుతం. మాటలు నీవి, పేరు నీది." నేనెలాగూ ఆ పార్టీకే రాస్తున్నాను కదా, తీసుకుంటే తప్పేముంది?

ఫొటో పోస్టు మాత్రం ఇంకా అలాగే ఉంది. ఇప్పుడు రాస్తూ చూస్తే ఇంకో ఆరుగురు షేర్ చేశారు.


గాలివాటం
మే 7, రాత్రి 11:58

డిలీట్ కొట్టి పడుకో తమ్ముడూ. ఆ 1,400 మందిలో చెట్లు చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడంటావా?


డెస్కురాత్రి
మే 8, తెల్లవారుజాము 1:25

ఎడిషన్ వదిలి వచ్చి చూశాను, అందుకే ఈ టైము. ఒక పేపర్ జిల్లా డెస్కులో నాకు 17 ఏళ్లు.

ముందు ఆ 500 సంగతి. 2009 ఎలక్షన్లప్పుడు నేను ఈ పనికి కొత్త. దాన్ని మా వాళ్లు "ప్యాకేజీ" అనేవాళ్లు. అభ్యర్థి పర్యటనకు ఇంత, ఇంటర్వ్యూకు ఇంత, అవతలివాడి వార్త రాకుండా ఉండటానికి ఇంకొంత. యాడ్ వేస్తే పాఠకుడు యాడ్ అని తెలిసి పేజీ తిప్పేస్తాడు. వార్త వేషం వేస్తే నమ్ముతాడు. డబ్బిచ్చేవాడు కొనుక్కునేది ఆ నమ్మకమే. అది ముదిరి ముదిరి ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసే దాకా వెళ్లింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాస్ రెడ్డి గారు. 2010లో వాళ్లు నివేదిక రాస్తే, కౌన్సిల్ పేర్లు లేని పొట్టి నివేదికతో సరిపెట్టింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సి వచ్చింది. పత్రికల గురించి పత్రికల మీద కూర్చున్న సంస్థ రాయడమంటే అంత కష్టం మరి.

నీ 500 కూడా ఆ వరసలోదే. వాళ్ల పాయింట్లు వాళ్ల పేజీలోనే ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు కదా, నీ పేజీ దేనికి? నీ ఆరు వేల మందిలో మీ మామలాంటి వాళ్లు ఉన్నారు కాబట్టి. వాళ్ల పేజీని మీ మామ తెరవడు.

ఇక ఫొటో. ఊరుకోమన్న అన్నను ఈ పది రోజుల పేపర్లు చదవమను. ఏప్రిల్ చివర్లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా వీడియో ఒకటి తిరిగింది. 2023లో చేవెళ్ల సభలో ఆయన ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామన్న మాటను కత్తిరించి, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లే తీసేస్తామన్నట్టు అతికించారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. మన ముఖ్యమంత్రి దాకా నోటీసు వచ్చింది. హైదరాబాద్‌లో కాంగ్రెస్ సోషల్ మీడియా వాళ్లను అరెస్టు చేశారు. ఎవరి తప్పు ఎంతో కోర్టు తేలుస్తుంది, అది నా పని కాదు. "నేను తయారు చెయ్యలేదు, ముందుకు పంపానంతే" అంటే వదిలేసే రోజులు కావని చెప్పడానికే ఇదంతా. మొన్న 6వ తారీఖున ఎలక్షన్ కమిషన్ పార్టీలకు రాసింది, తప్పుడు కంటెంట్ దృష్టికి వచ్చిన 3 గంటల్లో తీసెయ్యమని. నువ్వు పార్టీవి కావు, ఆ గడువు నీకు వర్తించదు. కానీ మీ మామ కొబ్బరిచెట్లు చూపించి ఎన్ని రోజులైంది?

నా ఓటు తీసెయ్యడానికే. ఎలా తీస్తావన్నది వేరే మాట. పేపర్లలో మేం సవరణ వేస్తే లోపలి పేజీలో, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తాం. మమ్మల్ని చూసి నేర్చుకోకు.


పాతటపా
మే 8, ఉదయం 7:10

డెస్కు గారు 2009 పేరెత్తారు, ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. కాఫీ పట్టుకుని కూర్చున్నాను.

తమ్ముడూ, నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. అప్పట్లో మనవాళ్లకు ఫేస్‌బుక్ ఇంకా అలవాటు కాలేదు. బ్లాగులే. లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేది. దాన్ని తీసుకెళ్లి బ్లాగులో అతికించి, తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపే కూడలి సైటులో మన టపా ఎప్పుడు పైకి తేలుతుందా అని రిఫ్రెష్ కొడుతూ కూర్చునేవాళ్లం. కూడలి, అలాంటివే జల్లెడ, హారం, ఈ మూడూ ఒక చుట్టు చుడితే తెలుగు లోకమంతా చూసొచ్చినట్టే లెక్క. ఆ లెక్క ఎంత తప్పో తర్వాత చెప్తాను.

నేను బెంగళూరులో ఉండేవాణ్ణి. లోక్‌సత్తా పార్టీ మనిషిని, మా గుర్తు ఈల. బయట కాంగ్రెస్, తెలుగుదేశం వాళ్ల మహాకూటమి, ప్రజారాజ్యం మూడు పక్కల నుంచీ హోరెత్తిస్తుంటే, బ్లాగుల్లో మాత్రం ఎటు చూసినా ఈల శబ్దమే. నా బ్లాగు పక్కన ఒక ఓటింగ్ డబ్బా పెట్టాను. 143 మంది నొక్కితే 112 మావే. ఆ డబ్బా చూసుకుని నిద్రపోయేవాణ్ణి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా 74 టపాలు రాశాను.

అందులో ఒకటి నగదు బదిలీ మీద. తెలుగుదేశం వాళ్లు పేద కుటుంబాల ఖాతాల్లో నెలనెలా డబ్బు వేస్తామన్నారు, గుర్తుండే ఉంటుంది. అది అయ్యే పని కాదని లెక్కతో సహా తేల్చేద్దామని కూర్చున్నాను. ఇన్ని కుటుంబాలు, నెలకింత, పన్నెండు నెలలు. రాత్రి ఒంటిగంటకు ఆ గుణకారంలో సున్నా ఒకటి ఎక్కువ పడింది. మొత్తం రాష్ట్ర బడ్జెట్‌ను దాటిపోయింది. అక్కడ నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. సంతోషం వచ్చింది.

పొద్దున్నే ఒక అజ్ఞాత వ్యాఖ్య. "అయ్యా, సున్నా ఒకటి తీసి చూడండి." అంతే. తిట్లు లేవు, ఎగతాళి లేదు. తీసి చూశాను. కాళ్లు చల్లబడ్డాయి. అప్పుడు నేను చేసిన పని ఏంటంటే, ఆ వ్యాఖ్యను ప్రచురించకుండా చెత్తబుట్టలో వేశాను. టపాలో సున్నా చెరిపేశాను. "బడ్జెట్ కన్నా ఎక్కువ" అన్నదాన్ని "బడ్జెట్‌లో పెద్ద భాగం" చేశాను. చేతులు దులుపుకుని ఆఫీసుకు పోయాను.

రెండు రోజులకు ఇంకో బ్లాగరు, కూటమి అభిమాని, నా పాత టపానూ కొత్త టపానూ పక్కపక్కన పెట్టి ఒక టపా కట్టాడు. పాతది ఆయన ఫీడ్ రీడర్‌లో, అంటే కొత్త టపాలను తెచ్చి దాచిపెట్టే దాంట్లో, అలాగే ఉండిపోయిందట. శీర్షిక "మాయమైన సున్నా". 92 వ్యాఖ్యలు.

లెక్క తప్పినందుకు ఒక్కరూ నవ్వలేదు. గుట్టుగా చెరిపినందుకు నవ్వారు. ఆ తర్వాత నేను నిజంగా ఒళ్లు వంచి రాసినవి కొన్ని ఉన్నాయి. అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్లు కూర్చుని చదివి, ఆస్తులు, కేసులు ఒక పట్టికగా వేశాను. నాలుగు రాత్రుల పని. దాని కింద మొదటి వ్యాఖ్య: "సున్నాగారూ, ఇందులో ఎన్ని తీసేయాలి?" 2022లో ఒక పెళ్లి భోజనాల దగ్గర పేరు చెప్పి పరిచయం చేసుకుంటే, ఎదుటాయన పులిహోర కలుపుతూ "మీరు సున్నా కదండీ" అన్నాడు. పదమూడేళ్లు!

అందుకే నిన్ను డిలీట్ కొట్టవద్దంటున్నాను. డెస్కు గారితో ఇక్కడ నాకు పేచీ ఉంది. పోస్టు తీసేస్తే ఆ 1,400 మంది గోడల మీద "ఈ కంటెంట్ అందుబాటులో లేదు" అని ఒక బూడిదరంగు డబ్బా మిగులుతుంది. అందులో ఎవరికీ ఏమీ తెలియదు. పైగా "నిజం రాస్తే తీయించేశారు" అని మీ వాళ్లే పుకారు లేపుతారు. అదే పోస్టును ఎడిట్ చేస్తే, షేర్ చేసినవాళ్ల దగ్గర కూడా మారిన మాటలే కనబడతాయి. కాబట్టి ఫొటో తప్పని మొదటి వాక్యంలోనే రాయి. "ఇంకా చూడండి" అనే గీత కింద దాక్కోకుండా రాయి. అవతలి అభ్యర్థిని అన్న నాలుగు మాటలు ఆ ఫొటో మీద నిలబడ్డవే అయితే వాటినీ తీసుకో. వాట్సాప్‌లో పేరు లేకుండా తిరిగేదాన్ని నువ్వు ఆపలేవు, దాని గురించి బెంగ పెట్టుకోకు.

పార్టీ వైపు రాయడం తప్పా అని నువ్వు అడగలేదు, అడిగితే మాత్రం కాదంటాను. ఏ పక్షమూ లేదని చెప్పుకుంటూ సన్నాయి నొక్కులు నొక్కేవాడి కన్నా, "నేను ఫలానా వాణ్ణి" అని బోర్డు పెట్టుకుని రాసేవాడే నయం. ఎంత నమ్మాలో చదివేవాడు తనే తేల్చుకుంటాడు. అయితే ఆ బోర్డు నీ పేజీ మీద ఉందా? నీ ఆరు వేల మందికి ఎలాగూ తెలుసు అనుకుంటున్నావేమో. షేర్లలో చూసే ఏడో వేల మనిషికి తెలియదు.

ఇక మూడు సైట్లు చుడితే తెలుగు లోకమంతా చూసినట్టే అన్న ఆ లెక్క. తెనాలి దగ్గర మా ఊళ్లో పోలింగ్ ఏప్రిల్ 23న, రెండో విడత. రాత్రి బస్సెక్కి వచ్చాను, ఎర్రటి కళ్లతో. మా మేనత్త మంచి రంగు చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. "నువ్వు అంతలా చెప్తున్నావుగా, ఆ ఈలకే వేస్తాలే. మిషన్ మీద ఎన్నో నంబర్రా?" అంది. తమ్ముడూ, 74 టపాలు రాసిన నాకు ఆ నంబరు తెలియదు. నాకే కాదు, టీకొట్టు దగ్గర అడిగితే మా గుర్తు తెలిసినవాళ్లే ఇద్దరు. కూడలి అంటే వాళ్లకు నాలుగు రోడ్లు కలిసే చోటు.

మే 16న ఫలితాలు. 42 పార్లమెంటు సీట్లలో కాంగ్రెస్‌కు 33. మాకు పార్లమెంటులో సున్నా, అసెంబ్లీలో కూకట్‌పల్లి నుంచి జయప్రకాష్ నారాయణ గారు ఒక్కరు. సున్నా నా వెంటే వచ్చింది చూశావా.

డబ్బు సంగతి నాకు అనుభవం లేదు. మాకు ఇచ్చినవాళ్లు లేరు, మేమే ఎదురు చందాలు కట్టేవాళ్లం.


బడిపంతులమ్మ
మే 8, సాయంత్రం 7:45

నాకు 13న పోలింగ్ డ్యూటీ. ట్రైనింగ్ నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను, తలనొప్పిగా ఉంది, కాబట్టి సూటిగా చెప్తాను. ప్రభుత్వ టీచరును, ఏ పార్టీ గురించీ మాట్లాడను.

నీ ఖాతాలో నీ అభిప్రాయం నువ్వు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2013లో సోషల్ మీడియా మీద ఎలక్షన్ కమిషన్ ఆదేశాలు వచ్చాయి. డబ్బు కట్టి వేయించే రాజకీయ యాడ్‌కు ముందుగా ఎంసీఎంసీ అనే కమిటీ సర్టిఫికెట్ కావాలి. సొంత బ్లాగులో, సొంత ఖాతాలో రాసుకునేది యాడ్ కిందికి రాదు. ఇప్పుడు ఆ 500 ఏ గట్టున పడుతుందో నువ్వే చూసుకో. అభ్యర్థి డబ్బుతో, అభ్యర్థి పాయింట్లతో వచ్చే పోస్టు నీ అభిప్రాయమని ఎవరికి చెప్తావు?

రెండోది, అభ్యర్థి ప్రచారానికి పెట్టే ఖర్చు ఆయన లెక్కలో రాయాలి. పార్లమెంటుకు మన రాష్ట్రంలో పరిమితి 95 లక్షలు. మీ అన్న నీకు రసీదు ఇస్తాడా? ఓచర్ మీద సంతకం పెట్టించుకుంటాడా? అకౌంట్స్ చూసేవాడివి, నీకు నేను చెప్పాలా. పోనీ అభ్యర్థికి తెలియకుండా మీ అన్నే జేబులోంచి తీస్తున్నాడా? అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ఖర్చు పెట్టడం ఐపీసీ 171హెచ్ కింద నేరం. జరిమానా ఎంతో తెలుసా, 500 లోపు. 1920లో రాసిన సెక్షన్, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. సరిగ్గా నీ ఒక్క పోస్టు రేటు.

అభ్యర్థి వ్యక్తిగత నడవడి గురించి అబద్ధమని తెలిసీ రాస్తే 171జీ ఉంది. నువ్వన్న నాలుగు మాటలు ఏమిటో నాకు తెలియదు, ఒకసారి మళ్లీ చదువుకో.

11న సాయంత్రం 6 నుంచి ప్రచారం బంద్. ఎండల వల్ల మన దగ్గర పోలింగ్ ఒక గంట పెంచి 13న సాయంత్రం 6 దాకా పెట్టారు, ఆ 48 గంటలూ ఆగు. మా వాడు ఇన్ని ఓట్లతో ముందున్నాడు అని సర్వేలు పెట్టకు. ఎగ్జిట్ పోల్ అని పేరు పెట్టి ఏదీ జూన్ 1 సాయంత్రం ఆరున్నర దాకా వేయకూడదు.

అన్నట్టు, మీ మామకు ఫోన్ కాదు, ఊరికి వెళ్లు. ఓటుకు ఎలాగూ వెళ్లాలి కదా.


పేటపోరడు
మే 9, రాత్రి 12:15

చేశాను. మొదటి లైన్ ఇలా పెట్టాను: "ఈ ఫొటో మన మండలంది కాదు, నిన్నటిదీ కాదు. 2017 నుంచి నెట్‌లో ఉన్న పాత ఫొటో. చూసుకోకుండా పెట్టింది నేనే." అభ్యర్థి మీద రాసిన నాలుగు మాటల్లో రెండు తీసేశాను. మిగతా రెండు ఎండిన పంటల గురించి, వాటిని ఉంచాను. మా బాపు ఎకరంన్నర సంగతి కింద రాశాను. పేజీ పైన నేను ఏ పార్టీ వైపో బోర్డు పెట్టాను.

అన్నకు 500 వద్దని చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు. అరగంటకు మండలం గ్రూపులో నన్ను తీసేశారు. 340 మంది తగ్గారు. ఒకాయన "ఎంతకు అమ్ముడుపోయినవ్" అని పెట్టాడు. వద్దన్నందుకు కూడా అమ్ముడుపోవడమే!

మామ చూశాడు. ఫ్యామిలీ గ్రూపులో రెండు నీలం టిక్కులు. మాట లేదు.


మూసీగట్టు
మే 9, ఉదయం 6:30

అందరూ భలే చెప్పారు. ఒక్క మాట అడుగుతాను. అవతలివాళ్లు ఈ రెండు నెలల్లో ఒక్కటంటే ఒక్కటి దిద్దారా? పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు మనవాడు "నేనే తప్పు" అని రాస్తే, దాని స్క్రీన్‌షాట్ రేపు వాళ్ల ప్రతి గ్రూపులోనూ ఉంటుంది. "ఎండిన పంటలన్నీ అబద్ధమే" అని. నిజంగా ఎండినవాళ్ల నోట్లో మట్టి. మంచితనం ఒక వైపే ఉంటే అది ఇంకో వైపుకు ఆయుధం. ఎలక్షన్ అయ్యాక దిద్దితే ఏం పోయేది?


పాతటపా
మే 9, ఉదయం 8:05

మూసీగట్టు గారూ, స్క్రీన్‌షాట్ తిరుగుతుంది, అది నిజమే. నా దగ్గర దానికి విరుగుడు లేదు. కానీ ఆ ఫొటోలో కొబ్బరిచెట్లు పేటపోరడు దిద్దకముందే ఉన్నాయి, వాళ్ల మామ కన్నూ అప్పటికే పడింది. ఎండిన పంటలన్నీ అబద్ధం అనే మాట ఆ రోజే పుట్టింది. బాపు ఎకరంన్నర గురించి ఇతను మొదటే రాసుంటే ఈ గొడవే లేదు. ఫొటో లేకపోతే ఏం, సర్వే నంబరు ఉంటుంది కదా.


గాలివాటం
మే 9, ఉదయం 9:20

చెట్లు చూసినవాడు ఒకడున్నాడన్నమాట. నా మాట వెనక్కి.


పేటపోరడు
జూన్ 5, రాత్రి 10:50

ఈ చర్చ మూతపడక ముందు చెప్పాల్సినవి చెప్పేస్తాను.

మూసీగట్టు అన్న చెప్పినట్టే స్క్రీన్‌షాట్ తిరిగింది. మూడు గ్రూపుల్లో నేనే చూశాను.

12న ఆదివారం ఊరికి పోయాను. బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. మామ ఇంటికి వెళ్తే నిజంగానే లేడు, ఏజెంటు పాసుల పని మీద తిరుగుతున్నాడట. 13న పొద్దున బాపు, నేను బూత్‌కు పోయాం. మా ప్రైమరీ స్కూలే. లోపల బల్ల మీద మామ, పక్కన మా పార్టీ ఏజెంటు, ఇద్దరి మధ్య ఒకటే నీళ్ల సీసా. నా స్లిప్పు చూసి ఆఫీసరమ్మ వరుస నంబరు, పేరు గట్టిగా చదివింది. ఏజెంట్లు జాబితాలో టిక్కు పెట్టుకోవాలి కదా. మామ కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూశాడు. "ఆఁ, ఉన్నడు. మనోడే" అన్నాడు. పదిహేను రోజుల తర్వాత మొదటి మాట.

జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ చూసి మా ఆఫీసులో స్వీట్లు పంచినవాళ్లు 4న మధ్యాహ్నం లెక్కలు మళ్లీ వేసుకుంటున్నారు. మా రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1, బీఆర్ఎస్‌కు ఏమీ లేదు. నేను ఏ పార్టీయో ఇప్పుడు కూడా ఇక్కడ చెప్పను. పేజీ మీద రాసి ఉంది, చూడాలనుకున్నవాళ్లు చూసుకోవచ్చు. పోయిన 340 మందిలో ఓ అరవై మంది తిరిగొచ్చారు.

ఇవాళ పొద్దున మామ ఫొటో ఒకటి పంపాడు. గ్రూపులో కాదు, నాకే. వానాకాలం దుక్కి దున్నిన మా బాపు పొలం. కింద ఇలా ఉంది: "దీని మీద ఏం రాస్కుంటవో రాస్కో. తాడిచెట్టు పడేటట్టే తీసిన."